సూరత్‌కు రాకండి

"ఉత్తగ రమ్మంటే ఎవ్వడు సూడడు. పైన పెద్దగ 'సూరత్‌కు రాకండి' అని రాయి. ఎందుకో అని కింది దాంక చదువుతరు. కింద రూము, బువ్వ ఫిరీ అని పెట్టు," అన్నాడు మరమగ్గాల యజమాని పరుశురాం. లాక్‌డౌన్‌లో నడిచి సిరిసిల్ల వెళ్లిపోయిన పనివాళ్లను రప్పించే పోస్టరు అది.

మేస్త్రీ అంబదాస్ రాసిచ్చాడు. శీర్షిక చూసి పరుశురాం నవ్వాడు. కింది వాక్యం చదివి మండిపడ్డాడు.

"'గేటు కాడ కూసుంటే పోలీసోళ్లను పిలుస్త. నడుసుకుంట పోండ్రి.' ఏందిరా గిది?"

"పనోళ్లు బియ్యం అడిగిననాడు మీరన్న మాటలే, సేట్."

"చింపి పారేస్త!"

అంబదాస్ మొదటిసారి సేట్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చింపుండ్రి. ఆనాడు గేటు బయట ఉన్నోళ్లందరికీ అది నోటికొచ్చు."