శంఖం ఊదాక

"కదలకు, చెవి తెగుతుంది" అంటూ లెపెకా కత్తెర ఆడించింది. మనవరాలు మాసినా జుట్టు కుచ్చులు కుచ్చులుగా చాప మీద పడింది.

"సెఫో ఏం చేశాడు అమ్మమ్మా? వాడు పక్కనుంటే నా గుండెదడ తగ్గుతుంది."

"వానలో నిలబడ్డా తడవనివాడు మనిషనుకున్నావా? విరబోసుకున్న జుట్టు, చెవి వెనక ఎర్రమందారం కనిపిస్తే చాలు, ఈ దీవి దయ్యాలు మనసు పారేసుకుంటాయి. తెల్లారితే ఆక్లండ్ విమానం. గుండె ఆపరేషన్ అయ్యేదాకా నిన్ను వాడి కంటపడనివ్వను."

"నాకు ఆపరేషన్ వద్దు. ఇవాళ తీసుకెళ్తానన్నాడు. సముద్రం అడుగున నొప్పులే ఉండవట."

"శవాలకి ఎక్కడైనా నొప్పులుండవే పిచ్చిదానా. నన్ను చూడు. పెళ్లీడు నుంచీ, సాయంత్రం శంఖం ఊదాక కిటికీ ఛాయలకు పోలేదు. అందుకే బతికున్నాను."

మాసినాను లోపలి గదిలోకి నెట్టి గడియ వేసింది.

చెక్కల సందులోంచి మాసినాకు అంతా కనిపిస్తోంది. తెగిన జుట్టును అమ్మమ్మ తన తెల్లజుట్టు మీద పరిచి కట్టుకుంది. చెవి వెనక మందారం పెట్టుకుంది. ఒళ్లో బైబిల్‌తో, బయటికి వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది.

"నువ్వనుకుని దగ్గరికి రానీ. దీంతో మొహం పగలగొడతా."

చర్చి వైపు నుంచి శంఖం మోగింది. సాయంప్రార్థన వేళ. ఊరంతా ఇళ్లలోకి వెళ్లిపోయింది. ఇక ఎవరూ బయటికి రారు.

మాసినా తలుపు బాదింది. ఛాతీ పట్టేసింది. ఊపిరి అందడం లేదు. సెఫోను పిలవబోతే గొంతు పెగల్లేదు.

నాచు వాసన గుప్పుమంది.

సెఫో వచ్చాడు. అవే పదహారేళ్ల కళ్లు, అదే నవ్వు. కిటికీలోంచి చేయి చాచి అమ్మమ్మ తల నిమిరాడు. నల్లజుట్టు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని నేల మీద పడేశాడు. అమ్మమ్మ ఒళ్లోంచి బైబిల్ జారిపడింది.

మాసినా తన శక్తంతా కూడదీసుకుని మళ్లీ తలుపు కొట్టింది. అతను అటు చూడనైనా లేదు.

"పరాయి జుట్టెందుకు లెపెకా? నీది తెల్లబడితే గుర్తుపట్టలేననుకున్నావా?" అన్నాడు మెల్లగా. "నిన్ను ఈ కిటికీ దగ్గరికి రప్పించాలనే కదా, ఇన్నాళ్లూ ఆ పిల్ల వెంట తిరిగాను."