నేనెక్కని టిప్పర్

మీ లారీ బ్రేకులో లోపముంది, ఉచితంగా మారుస్తాం, అంతవరకూ నడపొద్దు అని కంపెనీ ఉత్తరం రాస్తే మీరు బండి ఆపుతారా, దేవుడున్నాడని తోలుతారా?

తిరుమల్ తోలాడు. ఇబ్రహీంపట్నం క్రషర్ నుంచి బాలాపూర్‌కు కంకర వేసే టిప్పర్ అతనిది. ఉత్తరం వచ్చి నెలైంది.

"రాసిపెట్టిన దినం రాకుంటే ఏం గాదని భజనల నువ్వే చెప్పినవ్ గద స్వామీ, ఇగ ఫికరెందుకు?" అని ఆ ఉత్తరం నాకు చూపిస్తూ అన్నాడు.

నిజమే, చెప్పాను. ఆత్మకు చావు లేదని, భయం అజ్ఞానమని గ్రంథం తెరిచి మరీ మైకు అదిరేలా చెప్పాను.

ఆ రోజు బాలాపూర్‌లో నా ప్రవచనం. బస్సు తప్పిపోయింది. కంకర నిండిన టిప్పర్‌ను తిరుమల్ నా ముందే ఆపి తలుపు తీశాడు.

"ఎక్కు స్వామీ, జర్రసేపట్ల దింపుత."

చంకలో గ్రంథంతో ఒక కాలు మెట్టు మీద పెట్టాను. రెండో కాలు లేవలేదు.

"వద్దు తియ్, వెనక బస్సుకొస్త" అన్నాను.

తిరుమల్ నా మొహం చూసి ఇంజను బంద్ చేశాడు.

"నువ్వెక్కని బండి నన్ను తోలుమన్నవా స్వామీ?" అని కిందికి దిగాడు.

ఆత్మకు చావు లేదన్న మాట వెనక్కి తీసుకోను. ఆత్మకు బ్రేకులు అక్కర్లేదు. తిరుమల్‌కూ, అతని ముందు స్కూటర్ మీద పోయేవాళ్లకూ కావాలి. అలాంటి ఉత్తరం మీ ఇంట్లో ఉంటే బండి కదపకండి. సర్వీస్ సెంటర్‌కు ఈరోజే, ఇప్పుడే ఫోను చేయండి.