కానుగ నీడన మడ మొక్క

పురికొస కట్టిన గడి మధ్యలో, ఎండిన కానుగ ఆకుల్లోంచి ఒక చిన్న మొక్క తల ఎత్తి ఉంది.

భవిత దాని ముందు గొంతుక్కూర్చుంది.

బందరు శివారు నగరవనంలో డిగ్రీ పిల్లల ఫీల్డ్ వర్క్ అది. మేకులు పాతి, పురికొస చుట్టి, ఆ గడిలో మొలిచిన ప్రతి మొక్కనీ గుర్తుపట్టాలి. చీటీలు తీస్తే భవితకు ప్రహరీ గోడ పక్క గడి వచ్చింది. గోడ అవతల వాళ్ల ఇల్లే.

"అదృష్టమంటే నీదే. ఆకలేస్తే గోడ దూకేయొచ్చు," అని లోహిత్ పొద్దున్నే ఏడిపించాడు.

అప్పుడు నవ్వింది.

ఇప్పటిదాకా దొరికినవి వేప మొలకలు, తుంగ, వయ్యారిభామ. ఎవరైనా గుర్తుపట్టే సరుకే.

ఈ మొక్క వేరు. ఆకు పైన నున్నగా ఉంది, అడుగున బూడిద పూసినట్టు తెల్లగా ఉంది.

లోహిత్ తన గడి వదిలేసి వచ్చాడు. వాడికి తన పని తప్ప అందరి పనీ ముద్దు. ఆకు ఒకటి తుంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు! మేడం, మడ మొక్క మేడం!"

పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. ఫోన్లు బయటికొచ్చాయి. మడ చెట్టు చూడాలంటే గిలకలదిండి దాటి, సముద్రపు పోటు తగిలే బురదలోకి దిగాలి. ఊరి పక్కన, కానుగ నీడన ఎవరూ చూడలేదు.

"మన ప్రాజెక్టుకి ఇంక తిరుగులేదు!" అన్నాడు లోహిత్.

లెక్చరర్ ప్రసన్న మేడం వంగి చూశారు. ఫోటో మాత్రం తీయలేదు.

"విత్తనం ఎలా వచ్చింది?"

"డ్రెయిన్లో కొట్టుకొచ్చుంటుంది మేడం. పోటుకి నీళ్లు వెనక్కి తంతాయి కదా," అన్నాడు లోహిత్.

"రావడం సరే. ఎలా బతికింది?"

జవాబు అందరికీ తెలుసు. నేలలోకి ఉప్పు నీరు దిగిన చోట మడ నిలదొక్కుకుంటుందని మొన్న క్లాసులో లేచి చెప్పింది భవితే. మేడం మెచ్చుకున్నారు కూడా.

భవిత తలెత్తింది. గోడ పక్క నేరేడు చెట్టుకు కొస కొమ్మలు ఎండిపోయి ఉన్నాయి. ఎండలకి అలా అయిందనుకుంది ఇన్నాళ్లూ.

గోడ అవతల తీగల మీద నాన్న అద్దిన కలంకారీ గుడ్డలు ఆరుతున్నాయి.

అచ్చు ఎంత బాగా వేసినా, ఉడకబెట్టి ఉతికే నీళ్లు మంచివైతేనే ఎరుపు తేలుతుంది. ఇక్కడి నూతి నీళ్లలో తేలిన ఎరుపు చూసే నాన్న ఈశ్వరరావు ఈ స్థలం కొన్నాడు. వచ్చే వారం పెడనలో షెడ్డు వదిలేసి, పని మొత్తం ఇక్కడికే తెచ్చేస్తున్నాడు. ఆ షెడ్డు కోసం వేరేవాళ్లు కాచుకుని ఉన్నారు. వదిలితే మళ్లీ దొరకదు.

కొన్నాళ్లుగా ఎరుపు ఇటుక రంగుకి తిరిగింది.

"పటిక కల్తీ, రంగు పట్టట్లేదు," అని నాన్న కొట్టతనితో గొడవపడి కొట్టు మార్చాడు.

"కందిపప్పు ఎంతకీ ఉడకట్లేదండీ. పాత సరుకు అంటగట్టాడు," అని అమ్మ నాగరత్నం కుక్కర్ ముందు నిలబడి రోజూ తిడుతోంది.

భవిత ఆ రెండు మాటల్నీ వేరువేరుగా విన్నది. ఇప్పుడు రెండూ వచ్చి ఈ మొక్క పక్కన చేరాయి. ఉప్పు నీళ్లలో పప్పూ ఉడకదు, ఎరుపూ తేలదు.

పిల్లలు అటు కదలగానే మొక్కని మొదలంటా పట్టుకుని లాగింది.

రాలేదు.

చేతి కింద ఆకులు జరిగాయి. అడుగున ఇంకొన్ని మొలకలున్నాయి. గోడ వారగా, వాళ్ల ఇంటి వైపు.

"అమ్మడూ!" గోడ మీంచి నాన్న పిలిచాడు. "మేడం గారినీ పిల్లల్నీ లోపలికి తీసుకురా. ఎండలో మాడిపోతున్నారు, మంచినీళ్లయినా తాగి వెళ్తారు."

నూతి గట్టు మీద స్టీలు గ్లాసులు పెట్టి ఉన్నాయి. ఈశ్వరరావు తనే చేద వేసి తోడాడు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు ఈ నీళ్లే ఇస్తాడు. అదో గొప్ప ఆయనకి.

"తాగండి మేడం గారూ. బందరంతా గాలించినా ఇలాంటి నీళ్లు దొరకవండీ. డబ్బా నీళ్లు మా గడప తొక్కలేదు."

లోహిత్ గటగటా తాగబోయి ఆగాడు. నోట్లో ఉన్నది మింగడానికి కాస్త తంటాలు పడ్డాడు. ఇందాక మడ ఆకు రుచి చూసిన నాలికతోనే మళ్లీ పెదాలు తడుముకున్నాడు.

మిగతా పిల్లలు తలా ఒక గుక్క తాగి, గ్లాసులు గట్టు మీద పెట్టేశారు. ప్రసన్న మేడం గ్లాసు దించకుండా భవిత వైపు చూశారు.

"ఎలా ఉన్నాయండీ?" అన్నాడు ఈశ్వరరావు.

"ఈ నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అండీ?"

ఆయన పెద్దగా నవ్వాడు.

"పరీక్ష ఎందుకండీ? రోజూ తాగే నోటికి తెలీదూ? ఏమ్మా, నువ్వు చెప్పు."

భవిత గ్లాసు అందుకుంది. మొదటిసారి తాగుతున్నట్టు, నీళ్లు నాలిక మీద నిలిపి, ఉప్పు కోసం వెతుక్కుంటూ తాగింది.

రోజూ తాగే ఆ నోటికి ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి.