ఎడంచేతి ముడి

పాత ఓడ మునిగిన చోట డైవర్లు పైకి తెచ్చిన వల పీలికను పరిశోధకురాలు లావణ్య విసుగ్గా పక్కన పడేసింది. "మూడు రోజుల కష్టానికి దొరికింది ఈ చెత్తా!"

పడవ నడిపే సూరయ్య దాన్ని ఒళ్లోకి తీసుకుని ముడులు తడిమాడు.

"ఎడంచేతి ముడండీ ఇది. మా గిలకలదిండిలో ఎడంచేత్తో వల అల్లింది మా నాన్నొక్కడే. ఇక్కడే వల దేనికో తగులుకుంటే, విడిపిద్దామని దిగాడు. మళ్లీ తేల్లేదు."

"దేనికో అంటే... ఈ ఓడకేనా?"

సూరయ్య అయ్యుంటుందన్నట్టు తలూపాడు.

"గంగమ్మే మింగేసిందనుకున్నామండీ. ఆ కోపంతో మా ఇంట్లో గంగమ్మకి కొబ్బరికాయ కొట్టక నలభై ఏళ్లయింది."

లావణ్య ఓడ వస్తువులకు కట్టే చీటీ ఒకటి తీసి, "ఆయన పేరు చెప్పండి" అంది.

"నాంచారయ్య."

సూరయ్య ఇంజను తిప్పాడు.

"ఒడ్డుకెళ్లాక ఓ కాయ కొనాలండీ."