ఆకాశంలో సైగోను ఎంత దూరం

సోమవారం సాయంత్రం లోగనాయకి మొగుడి ఉత్తరం పట్టుకొచ్చేసరికి విజయరంగన్ పంతులింటి తిన్నె మీద అప్పటికే పదిమంది చేరారు.

పుదుచ్చేరిలో ఆ వీధిన తెలుగు మాట్లాడే ఇళ్ళు ముప్పై. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు మాత్రం ఇద్దరే. ఫ్రెంచి బడిలో పాఠాలు చెప్పే ఈ పంతులు ఒకరు. సైగోనులో గుమాస్తా అని వీధంతా చెప్పుకునే లోగనాయకి మొగుడు ఆదికేశవన్ ఇంకొకరు.

చదువు రాని జనమంటే పంతులికి చులకన. లోగనాయకి అంటే మరీను. ఆమె ఉత్తరం ఎప్పుడూ కవరు లేకుండానే తెచ్చేది. ఓడలో వచ్చినవాళ్ళెవరో చేతికిచ్చారనేది. రెండేళ్ళుగా ఆయన పెదవి విరుస్తూనే చదివిపెడుతున్నాడు.

ఆ రోజూ చదివాడు. ఆదికేశవన్ పని చూసి దొర మెచ్చుకున్నాడట. మొన్న గురువారం గాలివానకు పెరట్లో మునగచెట్టు పడిపోయిందని తెలిసి చాలా బాధ కలిగిందట. విన్నవాళ్ళంతా తలలూపారు. ఎంత దూరాన ఉన్నా ఇంటి మీదే ధ్యాస అని మెచ్చుకుంటూ ఒక్కొక్కరే లేచి వెళ్ళారు.

పంతులు మాత్రం ఆ మునగచెట్టు దగ్గరే ఆగిపోయాడు.

లోగనాయకిని ఉండమని చెప్పి, లోపలినుంచి గ్లోబు తెచ్చాడు. దారం ఒక కొస పుదుచ్చేరి మీద, ఇంకో కొస సైగోను మీద పెట్టి లాగాడు. గొడ్డుకు పాఠం చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. ఆకాశంలో సూటిగా పోయినా దాదాపు మూడు వేల కిలోమీటర్లు. ఫ్రాన్సు నుంచి సైగోనుకు విమానంలో టపా పోతోందని పత్రికలో పడింది. ఆ విమానమే వచ్చి ఈ వీధి చివర దిగిందనుకున్నా, కబురు పోను మూడు రోజులు, ఉత్తరం రాను మూడు రోజులు. చెట్టు పడి ఇవాళ్టికి నాలుగు రోజులే. ఇక ఓడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"నీ మొగుడు సైగోనులో లేడు. ఇక్కడే యాడనో ఉండి నిన్ను ఆడిస్తుండాడు. నీకు దూరాలు తెలీవని వాడికి బాగా తెలుసు" అన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆ ఏడుపు చూడాలనే ఉంది ఆయనకు.

లోగనాయకి గ్లోబు వైపైనా చూడలేదు. వీధికి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుంది. ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుంది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఈ పక్కూరు పిళ్ళైచావడిలోనే ఉండాడు అయ్యోరా, తాగొచ్చి చెయ్యెత్తినాడని నేనే బయటికి గెంటితే, పెండ్లాం తరిమేసిందంటే వీధిలో తలెత్తుకోలేనని నా కాళ్ళు పట్టుకున్నాడు, పోనీలే పాపమని సైగోనుకు పంపించినాను."