జానెడు సందు

“తాళం తియ్యి సారూ. లోపల గాలి ఆగిపోతది,” అన్నాడు బుచ్చిరాములు, సద్దిగిన్నె చంకన పెట్టుకుని, గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని.

మేనేజరు కరుణాకర్ గేటుకు అవతలే నిలబడి కాగితం అంటించాడు. ఇవతలికి రావడానికి ఆయనకు ధైర్యం లేదు.

“తీసేది లేదు రాములన్నా. ఇయ్యాల్టి నుంచి బాయి బంద్.”

మందమర్రి అవతల అదొక చిన్న కాంట్రాక్టు బొగ్గుబాయి. పొద్దుటి షిఫ్టుకు వచ్చిన నలభై మందీ నెత్తిన టోపీలతో అట్లాగే నిలబడిపోయారు. అందులో బుచ్చిరాములు పని అందరి పనిలాంటిది కాదు. భూమి లోపల బొగ్గు తవ్వే మూలలకు గాలి దానంతటది పోదు కదా, మందపాటి గుడ్డ పరదాలు కట్టి దాన్ని అటు మలపాలి. ఇరవై ఆరేళ్ళుగా మలుపుతున్నది ఆయనే. ఆయన పరదా కట్టిపోయాడంటే ఇక ఆ మూలలో గ్యాసు నిలవదని, ఇంటికి మళ్ళీ పోతామని అందరికీ ఒక నమ్మకం. పెళ్ళి పత్రికల మీద కూడా గాలి రాములు అనే రాసేవారు.

“బొగ్గు ఒడిసిందా సారూ?”

“ఒడువలే. కొనేటోడే లేడు. మన బొగ్గు తీస్కపోయే కరెంటు ఫ్యాక్టరీ ఇప్పుడు సముద్రం అవతలి నుంచి తెప్పిచ్చుకుంటుంది. గదే సస్తా, అగ్గువకు పడ్తదట.”

సత్తార్ పకపకా నవ్వాడు. బాయిలో పదిహేనేళ్ళుగా రాములు జతగాడు.

“క్యా సాబ్! గీ పక్క సుల్తానాబాద్ నుంచి వడ్ల బస్తా ఈడికి తేవాల్నంటేనే డీజిల్ కిరాయికి ప్రాణం పోతది. సముద్రం దాటొచ్చిన బొగ్గు సస్తానా? గా ఓడల నూనె ఎవరు పోస్తుండ్రు, మీ అత్తగారోళ్ళా?”

“నూనె శానా తక్కువ పోస్తరట సత్తార్. ఓడ మీద తెరచాపలు పెట్టిండ్రు. గాలే సగం గుంజుకపోతది.”

“తెరచాపలా! మా నానీ చెప్పే కిస్సాలల్ల ఉండేటివి గదా!”

“గసోంటి గుడ్డలు కావు. పదంతస్తుల మేడంత ఎత్తున్నయి. గాలి ఎటుంటే అటు వాటంతటవే తిరుగుతయట. నాకు నిన్ననే ఎవరో వీడియో పంపిండ్రు, సగమే చూసిన. ఇగో.” ఫోను ఊచల సందులోంచి సత్తార్ చేతిలో పెట్టాడు.

గేటు పక్క చాయ్ అమ్మే కిష్టవ్వ గిన్నె కింద మంట తీసేసింది. “గాలితోని నడిచే ఓడ, పోయి పోయి మా పొయ్యి మీదికే రావాల్నా?” అంది.

రాములు ఫోను వంక చూడనైనా చూడలేదు. “మల్ల ఎప్పుడు తెరుస్తరు సారూ?”

“తెరిచేది లేదన్నా. నీళ్ళు తోడే మోటర్లు రాత్రే బంద్ చేసిండ్రు. వారం తిరిగెవరకు బాయి నిండుతది.”

“మరి నా పరదాలు?”

కరుణాకర్ కాగితం అంచులు మళ్ళీ అదిమాడు.

“నిన్ననే కట్టిన సారూ!” రాములు గేటు ఊచలు ఊపాడు. “ఒక్కటే గుడ్డ కడితే గాలి దానికి కొట్టుకొని ఆడ్నే సుడి తిరుగుతది. నేను రెండు ముక్కలు కట్టి నడుమ జానెడు సందు ఇడుస్త. గా సందుల దూరిన గాలి వడి అందుకొని మూలకు మలుగుతది. గిది ఏ పెద్ద సారు చెప్పింది గాదు. నా చేతులు నేర్సుకున్నయి!”

“జర ఊకో రాములన్నా,” అన్నాడు సత్తార్. “నీకేం ఫికర్? మీ నిఖిత చెన్నైల కొలువు చేస్తుంది. కూసోని తిను.”

“బిడ్డ పెట్టే బువ్వ తింట, కాదంటలేను. మరి గీ చేతులను ఏం జేస్కోవాలెరా?”

సత్తార్ ముఖం తిప్పుకుని ఫోను నొక్కుతూ నిలబడ్డాడు.

రాములు వంగి పిడికెడు దుబ్బ మన్ను తీశాడు. కిష్టవ్వ “వద్దు బిడ్డా, వద్దు” అంటూ లేచి వచ్చింది. అక్కడ నోటితో తిట్టే తిట్టు వేరు. పొద్దున తిట్టుకుంటారు, పొద్దుగూకాక ఒకే బెంచీ మీద చాయ్ తాగుతారు. దుబ్బెత్తి పోస్తే మాత్రం అది శాపనార్థమే. పోసినవాడు కాళ్ళ మీద పడి ఏడ్చినా వెనక్కి రాదంటారు.

“గా ఓడకు చాపలు పెట్టినోని బతుకు దుబ్బల గలువ! వాన్ని కన్నోని ఇల్లు కాల!”

విసిరేశాడు. ఇరవై ఆరేళ్ళలో గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా ఆయన చెయ్యి లేపింది ఆ ఒక్కసారే. దుబ్బంతా తిరిగొచ్చి ఆయన కళ్ళలోనే పడింది.

“అరే, ఇనుండ్రి!” సత్తార్ ఫోను పైకెత్తాడు. “ఓడ మీద నెత్తిన టోపీ పెట్టుకొని ఒక పిల్ల నిలబడ్డది. మన తెలుగే మాట్లాడుతుంది!”

కళ్ళు నులుముకుంటున్న రాములుకు ఏమీ కనపడలేదు. సత్తార్ సౌండు పెంచాడు.

“నేను కొత్తగా కనిపెట్టిందేం లేదండీ,” అంటోంది ఆ పిల్ల, నవ్వుతూ. “తెరచాపను రెండు ముక్కలు చేసి నడుమ సందు ఇడిసిన, అంతే. గది మా బాపు బాయిల కట్టే పరదా.”