ఏడక్షరాల కాగితం

ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం నిజానికి తనదా, తన భార్యదా అన్న సందేహం ఆ ప్రూఫ్ రీడర్‌ని రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఇప్పుడు బల్ల మీది రెండు కాగితాలు చూస్తుంటే అదే గుర్తొచ్చింది.

రెండూ మతిమరుపు పరీక్షకని డాక్టరమ్మ ఇచ్చినవే. రెండిటి మీదా ఏడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి: ఏ, ఈ, ఎల్, ఎన్, పి, ఎస్, టి. వాటితో ఎన్ని మాటలు కుదిరితే అన్ని రాయాలి. "నాకు తోడుగా మీరూ రాయండి" అని భార్య పొద్దున్నే కూర్చోబెట్టింది. ఇద్దరూ పెద్దక్షరాల్లోనే రాశారు. ఒక కాగితం నిండా ప్లానెట్, ప్యానెల్, పెటల్ అంటూ పదిహేను మాటలు. రెండోదాంట్లో మూడే: టీ, పెన్, నెట్.

తనదేదో వెతుక్కునే పనేముంది? జీవితమంతా ఇంగ్లీషులో అచ్చుతప్పులు ఏరినవాడు మూడు మాటల దగ్గర ఆగిపోతాడా!

"ఏమండీ, బయల్దేరదామా?" గదిలోంచి భార్య కేక.

"కాస్త కాఫీ గొంతులో పడ్డాక."

"ఇందాకేగా తాగారు!"

ఆయన మనసు చివుక్కుమంది. ఇవ్వకుండానే ఇచ్చాననుకుంటోంది, పిచ్చిది. మొన్న పాలు మాడి గిన్నె నల్లబడితే, "పొయ్యి వెలిగించింది మీరే" అంది. ఆయన వాదించలేదు. బాగోలేని మనిషితో వాదనేమిటి?

పోయిన వారం డాక్టరమ్మ గొంతు తగ్గించి తన భార్యతో అన్న మాట ఆయన చెవిన పడనే పడింది. "ఈసారీ అయిదు మాటలు దాటకపోతే మందు పెంచాలి. పగలు చూసుకునే కేంద్రంలో చేర్చడం మంచిది." ఆవిడ తలొంచుకుని కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుంది. ఆవిడ లేని ఇల్లు ఊహకే రాలేదు ఆయనకి.

పెళ్ళయిన కొత్తలో ఆయన కళ్ళకి ఆపరేషనయింది. మూడు నెలలు కట్టు. సంగతి తెలిస్తే ప్రెస్సు వాళ్ళు ఇంకొకరిని పెట్టుకునేవారు. ఆవిడే వెళ్ళి, "కాలు విరిగిందండీ, ఇంటి దగ్గరే దిద్ది పంపిస్తారు" అని అబద్ధమాడి ప్రూఫులు మోసుకొచ్చింది. పదో తరగతి ఇంగ్లీషుతో ఒక్కొక్క అక్షరం పైకి చదువుతుంటే, ఆయన మంచం మీంచి చెప్పేవాడు, ఆవిడ దిద్దేది. ఉద్యోగం నిలబడింది. "నీ చలవే" అని ఆయన నోట ఒక్కనాడూ రాలేదు.

ఫోను తీశాడు. మనవరాలు చూపించిన సైటొకటుంది, అక్షరాలు కొడితే చాలు, మాటలు బారులు తీరి వస్తాయి. పదిహేను మాటల కాగితంలోవే ఎక్కిస్తే డాక్టరమ్మ ఇట్టే పట్టేస్తుంది. వేరేవి ఏరి, మూడింటి కింద పదకొండు చేర్చాడు. "స్వామీ, తప్పే. కళ్ళు మూసుకో" అనుకుంటూనే చివరి అక్షరం దిద్దాడు.

రోడ్డు దాటేటప్పుడు ఆవిడ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. భయం కాబోలు, దాటాక కూడా వదల్లేదు.

డాక్టరమ్మ ఆయన దిద్దిన కాగితం చూసి కళ్ళద్దాలు సవరించుకుంది. "పద్నాలుగా! ఇలా ఉంటే మందు పెంచక్కర్లేదు."

"పొద్దున మూడేగా ఉన్నాయి?" భార్య తెల్లబోయింది.

ఆ ముఖం చూసేసరికి ఆయనకి తను చేస్తున్నదేమిటో తెలిసొచ్చింది. ఇంట్లో ఉంచుకోవాలన్న ఆశతో మనిషికి అందాల్సిన మందు అందకుండా చేస్తున్నాడు. ఇదేం ప్రేమ?

"అమ్మా, మూడే నిజం. మిగతావి ఫోను చూసి నేను చేర్చాను. ఆవిడ తప్పేం లేదు. మందు పెంచండి. కేంద్రం మాట మాత్రం ఎత్తకండి, నేను చూసుకుంటాను."

"ఎందుకు చేశారండీ?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"ఒకప్పుడు నా కళ్ళు పనిచెయ్యకపోతే నా పనంతా ఈవిడ చేసింది. నేను తిన్నది ఈవిడ సంపాదన. నలభై ఏళ్ళయింది, ఆ ముక్క ఈవిడతోనే అనలేదు."

"ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా?" భార్య నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "పోనీలెండి, బాకీ తీరిపోయింది."

ఆయన గుండె దూదిపింజయింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మూడు మాటల కాగితం వెనక్కి తిప్పి, ఆసుపత్రివాళ్ళు అంటించిన చీటీ ఆయనకి కనబడేలా జరిపింది. "ఇక్కడ పేషెంటు పేరు చదవండి సార్."

ఆయన వంగి చదివాడు.

అది ఆయన పేరే.